ఏడాది గుమాస్తా చూసినది

"ఒక్కొక్కరే రండి," అని గుమాస్తా అంటూనే ఉన్నాడు, నలుగురూ లోపలికి వచ్చేశారు. గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకటి ఆయనది, రెండోది చెప్పుకోవడానికి వచ్చినవాళ్లది. మోకాలు నయమైన పెద్దమనిషి ఆ రెండో కుర్చీలో కూర్చున్నాడు. ఆయన భార్య, తమ్ముడు, భార్యకు అక్క అయిన వదినగారు వెనక గోడకు ఆనుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు.

"పదేళ్ల నుంచి మడత పడని మోకాలండీ," అంది వదినగారు. "నిన్న సాయంత్రం ప్రార్థనలో మోకరించాడు, లేచాడు. అంతే. మేమంతా కళ్లారా చూశాం."

అవునవునని మిగతా ఇద్దరూ తలలూపారు. గుమాస్తా ఫారం తీసి, కలం మూత విప్పి, ముగ్గురినీ బయట బల్ల మీద కూర్చోమన్నాడు. ఫారంలో ప్రశ్నలు మూడు. ఏం జరిగింది, అంతకుముందు ఏ మందు వాడారు, ఎవరు చూశారు. మూడో ప్రశ్నకు జవాబు అందరి ముందూ అడగకూడదన్నది ఆయన సొంత నియమం. బయటివాళ్లని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. తమ్ముడు ఆ సమయానికి బండి దగ్గర ఉన్నాడు, వదిన వచ్చి చెప్పింది. భార్య కొవ్వొత్తి వెలిగిస్తోంది, అక్క చెప్తే వెనక్కి తిరిగింది. చివరికి పెద్దమనిషి కూడా తల గోక్కుని, "తేలిగ్గానే అనిపించిందండీ. కానీ మా వదిన 'లేచావు చూశావా' అనేదాకా నాకూ తెలీదు," అన్నాడు.

నలుగురు చూసిన మోకాలిని చూసింది వదినగారొక్కరే. గుమాస్తా ఆ మాటే మర్యాదగా ఫారంలో రాసుకుని, ఒక పోస్టుకార్డు ముందుకు జరిపాడు.

"మీ అడ్రసు మీ చేత్తో రాయండి. సరిగ్గా ఏడాదికి పోస్టు చేస్తాను. అప్పటికి మోకాలు ఎలా ఉందో రెండు ముక్కలు రాసి తిప్పి పంపండి."

"ఏడాదా!" అంది వదినగారు, దేవుడి మీద నమ్మకం లేనివాణ్ణి ఇక్కడెవరు కూర్చోబెట్టారన్నట్టు.

ఇందుకే ఆయన్ని అందరూ ఏడాది గుమాస్తా అంటారు. సమాధిలోంచి లేచి వచ్చినవాడికైనా ఈయన ముందు కార్డు చేతిలో పెడతాడని గంట కొట్టే ముసలాయన ఎగతాళి చేస్తాడు. చర్చి పక్కనున్న ఈ చిన్న గదిలో, స్వస్థత పొందామని వచ్చినవాళ్ల మాటలు రాసుకోవడమే ఆయన ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్లలో రెండువేల ఆరువందల పైచిలుకు ఫారాలు నింపాడు. తిరిగొచ్చిన కార్డులు వాటిలో నాలుగోవంతు కూడా లేవు. వచ్చినవాటిలో మళ్లీ నొప్పి మొదలైందన్నవి పోగా, మందులతో తగ్గినవి పోగా, ఆయనకు ఏమాత్రం అంతు చిక్కనివి తొమ్మిది మిగిలాయి. వాటిని తాడుతో కట్టి సొరుగులో పెట్టాడు. పైన 'అద్భుతం' అని రాయలేదు. కాదనీ రాయలేదు. మనిషి మాత్రం నాస్తికుడు కాడు. ప్రతి ఆదివారం మూడో వరసలో కూర్చుని, పక్కవాళ్లు జరిగి కూర్చునేంత అపశ్రుతిలో పాడతాడు.

ఇన్ని అనుమానాలున్న మనిషి ఒక్క సంగతిలో మాత్రం ఫారం అడగడు. అది వాళ్లమ్మ సంగతి. ఆమె గుమాస్తా చెల్లెల్ని కన్నాక కాళ్లు పడిపోయి ఏడు నెలలు మంచంలో ఉంది. ఎత్తుకొచ్చి చర్చిలో కూర్చోబెడితే, ఓ సాయంత్రం ప్రార్థన మధ్యలో లేచి నిలబడింది. ఈ చర్చికి పేరు తెచ్చింది ఆ సంఘటనే. అప్పుడు గుమాస్తాకి ఏడేళ్లు. "నేను పక్కనే ఉన్నాను. నీలం అద్దంలోంచి వెలుగు అమ్మ పాదాల మీద పడింది. అమ్మ ఆ వెలుగు మీదే అడుగు వేసింది," అని ఇప్పటికీ చెబుతాడు. ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఈ ఉద్యోగం కూడా ఆ సాక్ష్యం విని పెద్ద ఫాదర్ పిలిచి ఇచ్చిందే. ఆ ఫాదర్ పోయారు, వైద్యం చేసిన డాక్టరు పోయాడు, ఆ రోజున్న పెద్దలంతా పోయారు. కళ్లతో చూసినవాడు గుమాస్తా ఒక్కడే మిగిలాడు.

మోకాలి కుటుంబం వెళ్లగానే చిన్న ఫాదర్ వచ్చాడు. ముప్ఫై నిండని కుర్రాయన, ఎప్పుడూ పరుగు నడకే. చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని వేస్తున్న పుస్తకం అచ్చుకాగితాలు చేతిలో ఉన్నాయి.

"గుమాస్తా గారూ, నా ముందుమాట చదవండి. మీరు ఒప్పుకున్నారంటే లోకం ఒప్పుకున్నట్టే."

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని చదివాడు. పునరుత్థానంతో మొదలైంది. ప్రభువు లేచాక అయిదువందల మందికి పైగా ఒకేసారి చూశారు, ఇంతమంది ఒకేసారి పొరపడరు. శిష్యులు కొరడాలకూ కత్తులకూ వెరవలేదు, తన అబద్ధం కోసం ఎవడూ చావడు. కథనాల్లో వివరాలు ఎంతో తాజాగా ఉన్నాయి, అవి చూసినవాడికి తప్ప రావు. అలాంటి సాక్షి మన మధ్య ఈనాటికీ ఉన్నాడంటూ, నీలం వెలుగులో తల్లి అడుగు చూసిన ఏడేళ్ల పిల్లవాడి దగ్గర ముందుమాట ముగిసింది.

"బాగుంది ఫాదర్. ఈ అయిదువందల మందీ విడివిడిగా ఏమన్నా రాశారా?"

"లేదు. అపొస్తలుడు తన ఉత్తరంలో రాశాడు."

"ఆ రోజు ఆయన వాళ్లతో ఉన్నాడా?"

"ఆయనకు ప్రభువు వేరేగా కనిపించాడు. ఆ అయిదువందల మంది దగ్గర ఆయన లేడు. విన్నాడు."

"అయితే నా దగ్గర అది ఒక్క ఫారమే అవుతుందండీ."

చిన్న ఫాదర్ నవ్వేశాడు. "పొద్దున్నే ఎవరొచ్చారు?"

"ఒక వదినగారు."

"సరే, ఆ వాక్యం చూస్తాను. కానీ చావుకు తెగించినవాళ్లు అబద్ధం ఆడతారా, చెప్పండి?"

"ఆడరు ఫాదర్. దానికి మాత్రం నేను ఒప్పుకుంటాను," అన్నాడు గుమాస్తా, మనస్ఫూర్తిగా.

మొదటి పేజీ కింద 'నేను కళ్లారా చూశాను' అన్న వాక్యం, దాని కింద సంతకానికి గీత ఉన్నాయి. నాలుగింటికి ప్రెస్సు మనిషి వస్తాడని, ఈలోగా సంతకం పెట్టి, ఫొటోల కింద నాలుగు మాటలు రాసివ్వమని చెప్పి ఫాదర్ వెళ్లిపోయాడు.

సంతకం సంగతి తర్వాత చూద్దామని గుమాస్తా ఫొటోలు ముందేసుకున్నాడు. నీలం అద్దం కిటికీ ఫొటో అరచేతి కన్నా పెద్దదిగా వేయించారు. కింది మూలన అద్దాలవాడి గుర్తు, దాని పక్కన చీమ తలంత అంకెలు కనిపించాయి. భూతద్దం పెట్టి చూశాడు. సంవత్సరం వేసి ఉంది. అమ్మ లేచిన సంవత్సరానికి అది నాలుగేళ్ల తర్వాతిది.

అద్దాలవాడే తప్పు వేసి ఉంటాడనుకున్నాడు. వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత లేచి చర్చిలోకి వెళ్లి, కిటికీ కింద గచ్చు మీద మోకాళ్లూని, అద్దం ముక్కల్ని కలిపే సీసపు గీత పక్కనున్న అంకెల్ని వేలితో తడిమాడు.

"ఏం గుమాస్తా గారూ, మోకాళ్లా? కార్డు ఇప్పించమంటారా?" అన్నాడు గంట కొట్టే ముసలాయన వెనకనుంచి.

"ఈ అద్దం ఎప్పుడు పెట్టారో గుర్తుందా?"

"గుర్తుండకేం! నేను పనిలో చేరిన ఏడాదే. మేకు కొట్టబోయి వేలు నలగ్గొట్టుకున్నాను. అంతకుముందు ఇక్కడ చెక్క తలుపులుండేవి. మూస్తే చీకటే."

గుమాస్తా మళ్లీ ఆ అంకెల వంకే చూశాడు. ఇంకెవరైనా ఇలాంటి సాక్ష్యంతో వచ్చి ఉంటే ఏం రాసేవాడో ఆయనకు బాగా తెలుసు. 'చూసినట్టు లేదు' అని రెండు మాటల్లో రాసి అవతల పెట్టేవాడు. సంతకం పెట్టకపోతే అమ్మ ఒంటరిదైపోతుంది. ఎనభై రెండేళ్ల మనిషి, ఈనాటికీ జనం వెతుక్కుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వెళ్తారు. కొడుకే వెనక్కి తగ్గాడంటే ఆమెను అబద్ధాలకోరు అంటారు. పెడితేనో, వదినగార్లందరినీ బయట బల్ల మీద కూర్చోబెట్టిన ముప్ఫై ఒక్క ఏళ్లూ ఎందుకూ కాకుండా పోతాయి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాడు. పది నిమిషాల దారి ఆ రోజు ఎంతకీ తరగలేదు. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన చెప్పులు విప్పకుండానే పక్కన కూలబడ్డాడు.

"అమ్మా, నువ్వు లేచి నిలబడ్డ రోజు నేనెక్కడున్నాను?"

అమ్మ చేతిలో కాయ ఆగింది. కొడుకు మొహం వంక ఒకసారి చూసింది.

"ఇన్నాళ్లకి అడిగావా!" అంది. "పిన్ని ఇంట్లో ఉన్నావు. గవదలొచ్చి నీ మొహం ఇంత లావున వాచింది. చంటిదానికి అంటుకుంటుందని పంపించేశాం."

"మరి నేను చూశాను కదమ్మా!"

"నువ్వు చూళ్లేదురా నాన్నా. ఇంటికొచ్చాక ఎవరి నోట విన్నా నా మాటే. 'నేనొక్కణ్ణే చూడలేదు' అని నువ్వు ఒకటే ఏడుపు. రెండు రోజులు తిండి ముట్టలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది. పక్కన పడుకోబెట్టుకుని, 'నువ్వూ ఉన్నావురా, నా పక్కనే ఉన్నావు, నా చెయ్యి పట్టుకున్నావు' అన్నాను. నా మనసులో ఉన్నావుగా మరి. తెల్లారేసరికి నువ్వే అందరికీ చెప్పడం మొదలుపెట్టావు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నా. ఈలోగా కిటికీ పెట్టారు, నువ్వు వెలుగు కూడా కలిపావు. అబ్బ, ఎంత బాగా చెప్పేవాడివో! వింటుంటే వెలుగు ఉందేమోనని నాకే అనిపించేది."

ఏడవాలో నవ్వాలో తెలియక గుమాస్తా చిక్కుడుకాయ ఒకటి తీసుకుని తలా తోకా లేకుండా విరిచాడు. వృత్తి ఎక్కడికి పోతుంది, రెండో ప్రశ్న దానంతటదే నోట్లోంచి వచ్చింది. "అప్పుడు మందులేమైనా వాడావా?"

"డాక్టరు మూడు నెలలుగా సూదులు పొడుస్తూనే ఉన్నాడు. చర్చికి వెళ్లడానికి వారం ముందే కాలివేలు కదిలింది. మళ్లీ ఆగిపోతుందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు."

"అమ్మా! నా దగ్గరికొచ్చి ఉంటే రెండో ప్రశ్నకే పోయేదానివి!"

"పోతే పోయాను. ఆ వేలు కదిలినప్పుడు నేను పిలిచింది దేవుణ్ణి, డాక్టర్ని కాదు. దానికి నీ ఫారంలో చోటుందా?"

"లేదు."

"మరి ఊరుకో," అని మళ్లీ ఈనెలు తీయసాగింది. "అందుకా మొహం అలా పెట్టుకున్నావు? నన్నేమో అంటారని భయపడకు. లేచావా అని ఎవరడిగినా లేచానన్నాను. నువ్వున్నావని నేను బయట ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెబుతుంటే కాదనలేదు, ఆ తప్పు నాదే. అయినా నువ్వు నిజంగా చూసింది నీకు గుర్తే లేదా? నిన్ను తీసుకురావడానికి నేనే వచ్చాను కదరా, నడుచుకుంటూ."

గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక చప్పుడు వచ్చింది. పిన్ని ఇంటి మెట్టు మీద, దవడలకు గుడ్డ కట్టుకుని తను కూర్చున్నాడు. సందు మలుపులో టపటపమని పెద్ద చెప్పుల చప్పుడు వినిపించింది. నాన్న వస్తున్నాడనుకుని తలెత్తితే అమ్మ. అమ్మ కాళ్లకు నాన్న చెప్పులున్నాయి.

ఆ మాట పైకి అనబోయి ఆగిపోయాడు. పొద్దుటిదాకా నీలం వెలుగు కూడా ఇంత బాగానూ కనిపించింది. లోపలికి వెళ్లి పిన్నికి ఫోన్ చేశాడు. చెప్పుల ఊసెత్తలేదు. "పిన్నీ, చిన్నప్పుడు నాకు గవదలొస్తే మీ ఇంట్లో ఉన్నానట కదా. నన్ను తీసుకెళ్లడానికి అమ్మ వచ్చిన రోజు నీకేమైనా గుర్తుందా?" అని మాత్రం అడిగాడు.

"గుర్తులేకేం!" అంది పిన్ని. "మీ నాన్న చెప్పులేసుకుని ఊగుతూ వచ్చింది. ఇంక నడవదని మీవాళ్లు దాని చెప్పులు ఎవరికో ఇచ్చేశారట. గుమ్మంలో కాలు తట్టుకుని పడబోతే నేనే పట్టుకున్నా. ఇప్పుడెందుకురా?"

గుమాస్తా ఫోన్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాడు. పోయినదాని కోసం కాదు, దొరికినదాని కోసం. యాభై రెండేళ్లుగా అది తనలోనే ఉంది, దాని పైన ఇంకో కథ కప్పుకుని తిరిగాడు.

మూడున్నరకి చిన్న ఫాదర్ వచ్చేసరికి సంతకం గీత ఖాళీగానే ఉంది.

"నేను ఆ రోజు అక్కడ లేను ఫాదర్," అని గుమాస్తా అద్దం సంగతీ గవదల సంగతీ చెప్పాడు. వింటూ వింటూ ఫాదర్ రెండో కుర్చీలో కూర్చున్నాడు. మొహం చిన్నబోయింది.

"ఇన్నేళ్లూ అబద్ధం చెప్పారా?"

"లేదండీ, అదే వచ్చిన చిక్కు. ఈ పొద్దున మీరు నా మెడ మీద కత్తి పెట్టి అడిగినా చూశాననే చెప్పేవాణ్ణి. చూశానంటూ చచ్చిపోయేవాణ్ణి. అబద్ధం ఆడకుండానే."

ఫాదర్ ముందుమాటలో ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "అంటే ఆ మొదటి శిష్యులు కూడా..." అని ఆగాడు.

"వాళ్ల సంగతి నాకు తెలీదు ఫాదర్. నేను మా అమ్మని అడిగాను. వాళ్లమ్మల్ని అడగడానికి ఇప్పుడు వీల్లేదు కదా."

"మీకు నమ్మకం పోలేదా?"

"ఆదివారం మూడో వరసలో చూడండి, ఉంటాను. నమ్మడానికి నాకు సాక్షులు అక్కర్లేదు. సాక్షి సంతకం పెట్టడానికి మాత్రం చూసి ఉండాలి."

ఫాదర్ నుదురు రుద్దుకున్నాడు. ఆయనకు కోపం వచ్చింది, దాచుకోలేదు. "ఇది రాయడానికి మూడు నెలలు పట్టింది నాకు," అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "నిజం చెప్పనా? ఈ వాదనలన్నీ నేను కూడబెట్టుకుంది ఎవర్నో ఒప్పించడానికి కాదు. నన్ను నేను ఒప్పించుకోవడానికి," అన్నాడు.

గుమాస్తాకి ఆ కుర్రాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఫ్లాస్కులోంచి టీ వంచి తన కప్పే ఆయనకిచ్చాడు. టీ పూర్తయ్యాక ఫాదర్ కలం తీసి ముందుమాట మొత్తానికీ అడ్డంగా ఒక గీత గీశాడు.

"మొదటి పేజీ ఖాళీగా పంపలేను. మీరు నిజంగా చూసింది రాయండి, అదే వేద్దాం. విన్నదాన్ని విన్నట్టు రాయండి."

ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటూ సణుగుతున్నా, గుమాస్తా తొందరపడలేదు. అమ్మ చర్చిలో లేచిందన్నది అమ్మ చెప్పగా విన్నానని రాశాడు. సూదుల సంగతి రాశాడు, వేలి సంగతి రాశాడు. ఆ తర్వాత తను కూర్చున్న మెట్టు, సందు మలుపు, నాన్న చెప్పుల చప్పుడు, అమ్మ చెప్పులు ఇచ్చేశారని పిన్ని చెప్పడం రాసి కింద సంతకం పెట్టాడు. సాయంత్రం గది తాళం వేసి, ఏ రోజూ లేనంత తేలిగ్గా ఇంటికి నడిచాడు.

నెలన్నరకి పుస్తకం వచ్చింది. అమ్మకి చదివి వినిపిస్తే, "చెప్పుల సంగతి కూడా అచ్చేయించావా! పరువు తీశావు కదరా," అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె దగ్గరికి వచ్చే జనం ఏమీ తగ్గలేదు. ఇదివరకు చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుని మౌనంగా వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు పక్కన కూర్చుని, మా ఇంట్లో కూడా చెప్పులు ఇచ్చేశారమ్మా అని, సూదులు ఇంకా వేయించుకుంటున్నామని, మనసులో మాటలు చెప్పుకునేవాళ్లు. అమ్మ వాళ్లని మందు మానొద్దనేది, ప్రార్థనా మానొద్దనేది.

పుస్తకం వచ్చిన అయిదో నెలలో, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న అమ్మ లేవలేదు. మొహంలో ఏ బాధా లేదు. చిన్న ఫాదర్ అంత్యప్రార్థనలో అద్భుతం అన్న మాట వాడలేదు. కొడుకుని తెచ్చుకోవడానికి భర్త చెప్పులేసుకుని నడిచిన తల్లి అని చెప్పాడు. ఏడుస్తున్నవాళ్లు అలా ఏడుస్తూనే నవ్వారు.

అందరూ వెళ్లాక గుమాస్తా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేదన్న సంగతి ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు, అమ్మా ఎవరికీ చెప్పలేదు. గోడవార విడిచిన ఆమె జోడులో ఎడమ చెప్పు మడమ దగ్గర, కింద గచ్చు కనిపించేటంతగా అరిగిపోయి ఉంది.